తెల్లకోటు వేసుకుని చెప్పిన అబద్ధం

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితుల్లో ఎవరికీ చెప్పలేదు. గుడికి వెళ్ళినప్పుడు కూడా ఈ ఒక్క సంగతీ తప్పించి మిగతావన్నీ దేవుడికి చెప్పుకున్నాను, ఆయనకి తెలియదన్నట్టు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. పేరు రాయను. పేరు రాసే ధైర్యమే ఉంటే ఇంత కాగితం ఖర్చు చేసే పనే లేదు.

ముందే చెబుతున్నాను, ఇందులో హత్య లేదు, దొంగతనం లేదు. ఒక కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. ఒక పెనాల్టీ ఉంది. "ఇంతేనా?" అంటారేమో మీరు. అనండి. నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. ఇంతే కదా, ఆటే కదా, ఎవరూ గుర్తు పెట్టుకోరు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నచ్చజెప్పుకోవడం బాగానే వచ్చింది. నమ్మడమే చేత కాలేదు.

అప్పట్లో మేము ఐర్లండ్‌లో, కార్లో అనే పట్నానికి పావుగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో అద్దెకు ఉండేవాళ్ళం. నేను, నా భార్య సుధ, మూడేళ్ళ మా పాప. నాది కార్లోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పక్కింట్లో డెనిస్, మోరీన్ అని ఇద్దరు ఉండేవారు. డెనిస్ ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్. మేము దిగిన వారంలోనే బాయిలర్ ఆగిపోతే, పిలవకముందే సామాన్ల పెట్టె పట్టుకుని వచ్చి బాగుచేసిన మనిషి. ఏ చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలో నేర్పింది ఆయన. వంటింటి అలమారని ఇక్కడ ప్రెస్ అంటారని చెప్పింది మోరీన్. సుధ ఆయన్ని డెనిస్ గారు అనేది. ఆ 'గారు' ఆయనకి తెగ నచ్చి, ఒకసారి పోస్టాఫీసులో కూడా తన పేరు అలాగే చెప్పాడట.

డెనిస్ గేలిక్ ఫుట్‌బాల్ రిఫరీ. ఇది మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే మూడు. స్తంభాల పక్కన తెల్లకోట్లు వేసుకుని ఇద్దరు అంపైర్లు నిలబడి, పైనుంచి పోతే తెల్లజెండా, వలలో పడితే పచ్చజెండా ఊపుతారు. రిఫరీ కంట పడనిది తమ కంట పడితే చెబుతారు. ఈ అంపైర్లని పైనుంచి ఎవరూ పంపరు. రిఫరీయే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, అన్ననో, బావమరిదినో, పక్కింటాయననో. చదువులూ పరీక్షలూ అక్కర్లేదు. తనకి నమ్మకమైన మనిషైతే చాలు.

డెనిస్ అంపైర్లలో ఒకాయన ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి నన్ను పిలిచాడు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ ఊళ్ళో నాలుగేళ్ళుగా ఉంటున్నా, ఏదైనా పనికి నన్ను రమ్మన్నది అదే మొదటిసారి. కోటు చేతులు పొడుగైతే మోరీన్ మడిచి కుట్టింది. అద్దంలో చూసుకుని నేనే నవ్వుకున్నాను, ఎందుకంటే ఇంజనీరింగ్ హాస్టల్లో టీవీ ముందు కూర్చుని క్రికెట్ అంపైర్లని నేను తిట్టినన్ని తిట్లు ఇంకెవరూ తిట్టి ఉండరు. ఎల్‌బీడబ్ల్యూ ఇస్తే ఒక తిట్టు, ఇవ్వకపోతే ఒక తిట్టు. కళ్ళు నెత్తికెక్కాయా అని అరిచేవాణ్ణి. ఆ ఏడాది ఆరేడు మ్యాచ్‌లకి జెండా పట్టుకున్నాను. తప్పు పోలేదు. డెనిస్ నా భుజం తట్టి గ్రాండ్ అనేవాడు, ఇక్కడి మాటలో అంతా బాగుందని.

ఇక ఆ రోజు.

కార్తీక మాసం మూడో సోమవారం. అప్పుడే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే పనిలో ఉన్నాం. కాగితాలు గట్టెక్కాలని సుధ మొక్కుకుంది, ఈసారి సోమవారాలన్నీ ఇద్దరం ఉపవాసం ఉందామంది. పగలంతా టీ తప్ప ఏమీ లేదు, సాయంత్రం చుక్కని చూసి భోజనం. ఐర్లండ్‌లో నవంబరు ఆకాశం సంగతి మీకు తెలిసే ఉంటుంది. మొదటి రెండు సోమవారాలూ మబ్బే. చుక్క కనబడక, టైము చూసుకుని తినేశాం. అది సుధకి మనసులో పట్టుకుంది. "మూడోసారైనా చుక్క చూసి తిందామండీ, ఇదేదో కాపీ కొట్టి పాసైనట్టుంది" అంది ఆ ఉదయం.

మ్యాచ్ మా ఊరి మైదానంలోనే. పశ్చిమం నుంచి ఒక కాలేజీ, దక్షిణం నుంచి ఒక కాలేజీ, రెంటికీ మధ్యలో ఉందని ఇక్కడ పెట్టారు. ఓడినవాళ్ళు ఇంటికే. దక్షిణం కాలేజీలో గోల్ ముందు కాపు కాసే డిఫెండర్ పేరు కిలియన్. మా ఊరి కుర్రాడు. ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పుడు అతనికి బంతి పట్టుకోవడం నేర్పింది డెనిసే. కిలియన్ కోసం ఊరు ఊరంతా వచ్చింది. రిఫరీ డెనిసే. నేను సగం రోజు సెలవు పెట్టి జెండా పట్టుకోవడానికి వెళ్ళాను.

పశ్చిమం వాళ్ళ బస్సు ఆలస్యమైంది. మూడుంపావు దాటాక గానీ ఆట మొదలవలేదు. మా మైదానానికి లైట్లు లేవు. నాలుగున్నరకి మసక పడిపోయింది. ఇంకో రెండు నిమిషాలు ఉందనగా దక్షిణం వాళ్ళు ఒక్క పాయింటు పైన ఉన్నారు. బంతి మైదానం అవతలి సగంలో ఉంది. నేను నా స్తంభం పక్కన చలికి వణుకుతూ నిలబడ్డాను. కడుపు కాలుతోంది. అప్పుడు కొండల వైపు మబ్బు విడిపోయింది.

తల ఎత్తాను. అక్కడ చుక్క ఉంది. ఒక్కటే. సుధకి చెప్పాలనిపించింది. చూశాను, నిజంగా చూశాను అని. మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కాగితాల సంగతి అడిగాను. పాప పేరు చెప్పాను. ఎంతసేపు చూశానంటారా? ఐదు సెకన్లా? పదిహేనా? అది ఈ రోజుకీ నాకు తెలియదు. ఒక ఆట ఆ కొస నుంచి ఈ కొసకి రావడానికి ఆ మాత్రం చాలు.

జనం గోలకి తల దించాను. నాకు నాలుగడుగుల దూరంలో పశ్చిమం కాలేజీ ఆటగాడు బురదలో బోర్లా పడి ఉన్నాడు. కిలియన్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. బంతి ఎటో పోయింది. సగం మంది పెనాల్టీ అని అరుస్తున్నారు, సగం మంది కాదని అరుస్తున్నారు. డెనిస్ మైదానం మధ్య నుంచి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆయన అంత దూరం నుంచి, ఆ మసకలో ఏం చూడగలడు? అవతలి స్తంభం దగ్గర మోరీన్ తమ్ముడు క్రిస్టీ ఉన్నాడు. ఆటగాళ్ళు అడ్డొచ్చి ఆయనకీ కనబడలేదు. కనబడలేదని దూరం నుంచే తల అడ్డంగా ఊపేశాడు. అంతే. ఆయనకి అందులో సిగ్గేమీ లేదు.

డెనిస్ నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు చూశావా?"

లేదు అంటే అయిపోయేది. ఇద్దరు అంపైర్లూ చూడకపోతే రిఫరీ ఆట కొనసాగిస్తాడు, నాలుగు తిట్లు తిని ఇంటికి పోతాం. ఎందుకు అనలేకపోయాను? ఈ ప్రశ్న వేసుకోని వారం లేదు. చూడలేదంటే, ఎదురుగా నిలబడి ఎందుకు చూడలేదని అడుగుతాడు. చుక్క చూస్తున్నానని చెప్పాలి. నమ్మి పిలిచి తెల్లకోటు వేస్తే, ఈ పరదేశి ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడన్న మాట ఊళ్ళో మిగులుతుంది. అదొక భయం. దానికంటే పాతది ఇంకొకటి ఉంది. పెద్దవాళ్ళు అడిగితే తెలియదు అనకూడదన్నది నాకు బడిలోనే వంటబట్టింది. పలకతో కొట్టించుకుని నేర్చుకున్నాను. ఇంటర్వ్యూల్లో, ఆఫీసు మీటింగుల్లో, ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చినవాడే పైకి రావడం చూశాను. నేనూ అలాగే పైకొచ్చాను. నా నోటికి అలవాటైన పని నా నోరు చేసింది.

"చూశాను. జెర్సీ పట్టుకుని వెనక్కి లాగాడు," అన్నాను.

జెర్సీ మాట ఎవరడిగారు నన్ను? చూశాను అని ఊరుకోవచ్చు కదా. కానీ ఉత్త అబద్ధం నిలబడదనిపించింది కాబోలు, దానికి ఒక చొక్కా తొడిగాను.

డెనిస్ చేతులు చాపి పెనాల్టీ ఇచ్చాడు. కిలియన్‌ని బయటికి పంపాడు. "నేను ముట్టుకోలేదు డెనిస్. నీకు నేను తెలుసు కదా," అని కిలియన్ అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. పెనాల్టీ వలలో పడింది. గోల్ అని పచ్చజెండా ఊపాల్సింది నేనే. ఊపాను. దక్షిణం వాళ్ళు ఓడిపోయారు.

మ్యాచ్ అయ్యాక కారు దాకా నడవడానికి పది నిమిషాలు పట్టింది. జనం డెనిస్‌ని చుట్టుముట్టారు. గుడ్డివాడా అన్నారు, అమ్ముడుపోయావా అన్నారు, సొంత ఊరి పిల్లవాణ్ణి ముంచావన్నారు. కారు పైకప్పు మీద ఎవరో అరచేత్తో బాదుతూనే ఉన్నారు. డెనిస్ కారు నడిపాడు. నేను వెనకసీట్లో మడిచిన జెండాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంపైర్ని ఎవరు చూస్తారు?

ఇంటికి రాగానే సుధ చుక్క కనబడిందా అని అడిగింది. కనబడిందన్నాను. ఆమె మొహం ఎంత వెలిగిందో. దీపం పెట్టి, పప్పూ, దొండకాయ వేపుడూ, పరమాన్నమూ వడ్డించింది. ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, అదీ అబద్ధమే అవుతుంది. ఆకలి మీద మారు పెట్టించుకుని తిన్నాను.

మర్నాడు ఉదయానికి వీడియో వచ్చింది. ఎవరి తండ్రో ఫోన్‌లో తీసింది. పన్నెండు సెకన్లు. పశ్చిమం ఆటగాడు తన కాలు తనకే తట్టుకుని పడ్డాడు. కిలియన్ చేతులు మొదటి నుంచీ గాలిలోనే ఉన్నాయి. ఎంత మసకగా ఉన్నా అది తెలుస్తోంది. ఆ వీడియోని నేను ఎన్నిసార్లు చూసుంటాను? వందసార్లు? చూసింది కిలియన్ చేతుల కోసం కాదు. నేను కనబడతానేమోనని. పైకెత్తిన నా మొహం ఎక్కడైనా పడిందేమోనని. పడలేదు. ఒక మూలన తెల్లకోటు చేయి, జెండా కర్ర, అంతే. అమ్మయ్య అనుకున్నాను. ఆ అమ్మయ్యని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

దాని కింద జనం రాసిన మాటలు మీకు చెప్పను. మీరూ ఏదో ఒక ఆట చూస్తూ అలాంటివి అనే ఉంటారు. నేనూ అన్నాను. ఆట చూసేవాడికి కోపం రావాలంటే అన్యాయం జరగక్కర్లేదు, ఓడిపోతే చాలు. పెనాల్టీ మీద అరిచే పదిమందిలో తొమ్మిది మంది వట్టినే అరుస్తారు. కానీ ఈసారి వాళ్ళ మాట నిజం. నిజంగానే అన్యాయం జరిగింది. వాళ్ళ కోపమంతా నిజమైన కోపం, వాళ్ళు పట్టుకున్న మనిషే తప్పు మనిషి. సరైన మనిషి కార్లోలో ఆఫీసులో కూర్చుని, వీడియో చూసి నవ్వుతున్నవాళ్ళతో కలిసి నవ్వాడు. అవును, నవ్వాను. "మీ పక్కింటాయనేనటగా" అని ఎవరో అంటే, వయసైపోయింది పాపం అన్నాను.

రెండు వారాలకి కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, ఫుట్‌బాల్ కమిటీ కార్యదర్శి ఫోన్ చేశాడు. ఫిర్యాదు వచ్చిందట. పెనాల్టీకి ముందు డెనిస్ నీతో మాట్లాడాడని కొందరు అంటున్నారు, ఏం మాట్లాడాడని అడిగాడు. డెనిస్ తన రిపోర్టులో మటుకు నిర్ణయం తనదేనని రాశాడట, అంపైర్ల ప్రస్తావనే లేదట.

అప్పటికి మా దరఖాస్తు బల్ల మీద ఉంది. అందులో సత్ప్రవర్తన అన్న మాట ఉంది. ఒక కమిటీలో నా పేరు నమోదైతే, అది గార్డుల దాకా, అంటే ఇక్కడి పోలీసుల దాకా పోయి, అక్కడి నుంచి మా ఫైలు దాకా పోతుందని నా బుర్రకి తోచింది. ఎంత తెలివితక్కువ ఆలోచన! ఫుట్‌బాల్ కమిటీకీ పౌరసత్వానికీ ఏం సంబంధం? ఎవరినైనా అడిగితే నవ్వి చెప్పేవారు. కానీ వీసా ముద్రలతో పన్నెండేళ్ళు బతికినవాడు ఎవరినీ అడగడు. ప్రతి కాగితానికీ భయపడతాడు.

"నన్నేమీ అడగలేదు. ఎంత టైముందో చెప్పి వెళ్ళాడు," అన్నాను.

కార్యదర్శి థాంక్స్ చెప్పి పెట్టేశాడు. మొదటిది నోరు జారిన అబద్ధమని సర్దుకోవచ్చు. దీన్ని ఎలా సర్దుకోను? ఇది కూర్చుని, ఆలోచించి, ఊపిరి పీల్చుకుని చెప్పింది.

ఆ ఆదివారం డెనిస్ మా ఇంటికి వచ్చాడు. అప్పట్లో ఆ దరఖాస్తు మీద, ఈ మనిషి మాకు తెలుసు, మంచివాడు అని ముగ్గురు ఐరిష్ పౌరులు సంతకాలు చేయాలి. నెల కిందటే డెనిస్‌ని అడిగి ఉంచాను. మర్చిపోయి ఉంటాడనుకున్నాను. మర్చిపోలేదు. అద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివి, మా వంటింటి బల్ల మీద సంతకం చేశాడు. సిరా ఆరాక కాగితాన్ని నా వైపు తిప్పి జరిపాడు. ఆ తరవాతే అడిగాడు. ముందు సంతకం, తరవాత ప్రశ్న. అడిగి చేస్తే బేరంలా ఉంటుందనుకున్నాడేమో. ఆయన అలాంటి మనిషి.

"ఒక్క మాట. నిన్ను ఇబ్బంది పెట్టడానికి కాదు. నువ్వు చూశావు కదా?"

సుధ స్టవ్ దగ్గర టీ పెడుతోంది. పాప బల్ల కింద ఆడుకుంటోంది.

"చూశాను డెనిస్."

"జెర్సీ లాగడం?"

"అవును. లాగడం చూశాను. వీడియోలో అటువైపు కనబడదు."

ఆయన తల ఊపాడు. గుండెల మీంచి ఏదో దింపుకున్నట్టు వెనక్కి వాలాడు.

"అయితే గ్రాండ్. నాకు అది చాలు. ఎవరేమన్నా అనుకోనీ."

కార్యదర్శి ఫోన్ సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. టీ తాగి, పాపకి చాక్లెట్ ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మీరొక సంగతి గమనించాలి. నాకు అర్థం కావడానికే ఏళ్ళు పట్టింది. ఈ ఊళ్ళవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పొరపాటైంది, చీకట్లో సరిగ్గా కనబడలేదు, కిలియన్‌కి సారీ అని డెనిస్ ఒక్క మాట అనుంటే, నాలుగు రోజులు తిట్టి, వచ్చే సీజన్‌కి భుజం మీద చేయి వేసేవారు. ఆయన అనలేదు. వీడియో ముందు పెట్టినా అనలేదు. పెనాల్టీయే అన్నాడు. ఎందుకంటావు అంటే జవాబు చెప్పలేదు, నా పేరు చెప్పలేదు. ఆ మొండితనాన్ని ఊరు క్షమించలేకపోయింది. ఆ మొండితనం ఆయనది కాదు. నేను ఇచ్చింది. నా మాట మీద కాలు మోపి ఆయన నిలబడ్డాడు.

ఆ తరవాత ఆయనకి మ్యాచ్‌లు ఇవ్వడం మానేశారు. పిల్లలకి ఆట నేర్పే పని నుంచి కూడా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. కిలియన్ తండ్రి చర్చిలో ఆయన పక్క బెంచీలోంచి లేచి వెళ్ళిపోయాడు. మైదానం మా ఇళ్ళ వెనకే, గేటు మాత్రం అవతలి రోడ్డు మీద, కారులో చుట్టి వెళ్ళాలి. మ్యాచ్ ఉన్న రోజున మా మేడ గది కిటికీలోంచి చూస్తే, డెనిస్ తన పెరట్లో నిలబడి ఉండేవాడు. గోడ అవతల ఇంకెవరో విజిల్ ఊదుతుంటే వింటూ ఉండేవాడు. నేను కర్టెన్ వేసేవాణ్ణి.

మాకు పౌరసత్వం వచ్చింది. ఇంకో ఏడాదికి డబ్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ నగరం శివార్లలోని క్లాండాల్కిన్‌కి మారిపోయాం. మంచి అవకాశమని అందరికీ చెప్పాను. అందులో సగం ఆ కిటికీ నుంచి పారిపోవడమని ఇప్పుడు చెబుతున్నాను. ప్రతి క్రిస్మస్‌కీ డెనిస్ నుంచి కార్డు వచ్చేది. మా పేర్లు తెలుగులో ఎలా రాస్తారో సుధ దగ్గర నేర్చుకుని, వంకరటింకరగా తెలుగులోనే రాసేవాడు. నేను జవాబు రాయలేదు. సుధ రాసేది.

మొన్న వేసవికి ముందు మోరీన్ ఫోన్ చేసింది. డెనిస్ పోయాడు.

ఇక్కడ పోయిన మనిషిని ఇంట్లోనే ముందుగదిలో పడుకోబెడతారు. ఊరంతా వరసకట్టి వచ్చి, ఇంటివాళ్ళ చేయి పట్టుకుని, నీ కష్టానికి విచారిస్తున్నాను అని వెళతారు. తరవాత వంటింట్లో టీలు, శాండ్‌విచ్‌లు. నేను మధ్యాహ్నం వెళ్ళాను. సుధకి డ్యూటీ ఉండి రాలేకపోయింది. వరస పెద్దగా లేదు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో అంతకాలం చేసిన మనిషికి గౌరవంగా, జెర్సీలు వేసుకుని రెండువైపులా నిలబడాల్సినవాళ్ళు ఎవరూ నిలబడలేదు. డెనిస్ మొహం ప్రశాంతంగా ఉందని అందరూ అంటున్నారు. నేను సరిగ్గా చూడలేదు.

మోరీన్ నన్ను చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ సింకు పక్కన టీ కప్పు పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. ముప్ఫై దాటాయి, కాస్త ఒళ్ళు చేశాడు, అయినా గుర్తుపట్టాను. కిలియన్. తండ్రి రాలేదు. అతనొక్కడే వచ్చాడు.

"ఆయన నీ పేరు ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం చెప్పాడు," అంది మోరీన్. "చివరి వారంలో కూడా అదే మాట. నా మనిషి చూశాడు మోరీన్, వాడికి నాతో అబద్ధమాడాల్సిన పని లేదు అనేవాడు. నాకు నీ నోటితో ఒక్కసారి వినాలని ఉంది. ఆ రోజు ఏం చూశావో చెప్పు."

తొమ్మిదేళ్ళుగా నేను ఎదురుచూసిన క్షణం ఇదే కదా? దేవుడు తలుపు తీసి, రా అని పిలిచినట్టే కదా? ముందుగదిలో ఆయన ఉన్నాడు. ఎదురుగా కిలియన్ ఉన్నాడు. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. ఆ కళ్ళకి నేను చూడలేదు అని చెప్పాలి. మీ ఆయన తొమ్మిదేళ్ళు ఉత్తినే మాటలు పడ్డాడని చెప్పాలి.

చెప్పాను. కుడిచేత్తో పట్టుకున్నాడన్నాను. నడుం దగ్గర జెర్సీ సాగడం కనిపించిందన్నాను. గోల్ వైపు తిరగబోతుంటే లాగాడన్నాను. ఎన్నిసార్లు మనసులో తయారుచేసుకున్నానో, తడుముకోకుండా వచ్చేసింది.

మోరీన్ కిలియన్ వైపు తిరిగింది. "విన్నావా కిలియన్? నీ మీద కోపంతో కాదు నాన్నా. ఆయన నీకు అన్యాయం చేయలేదని నీకు తెలియాలని. అంతే."

కిలియన్ నా వైపు చూశాడు. తను ముట్టుకోలేదని అతనికి తెలుసు. నేను అబద్ధమాడానని ఆ క్షణంలో అతనికి తెలిసిపోయింది. పెనాల్టీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తొమ్మిదేళ్ళ తరవాత అతను కనుక్కున్నాడు. ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాను. అరిస్తే బాగుండును అనుకున్నాను కూడా. అతను కప్పు కింద పెట్టి, మోరీన్ దగ్గరికి వచ్చాడు.

"అయ్యుండొచ్చు మోరీన్. లాగానేమో. ఆ వయసులో ఏం చేశామో ఎవరికి గుర్తుంటుంది? డెనిస్ నన్ను సరిగ్గానే పంపించాడు."

మోరీన్ అతన్ని పట్టుకుని ఏడ్చింది. అతను ఆమె తల మీద చేయి వేసి నిలబడ్డాడు. నన్ను మళ్ళీ చూడలేదు. నేను బయటికి వచ్చి, కారులో కూర్చుని, తాళం ఎక్కడ పెట్టాలో తెలియక ఎంతసేపు కూర్చున్నానో.

ఈ కాగితాన్ని మోరీన్‌కి పంపాలా? పంపితే, మొగుడు న్యాయంగా నడిచాడన్న ఒక్క ఊరటా ఆమెకి లేకుండా పోతుంది. పంపకపోతే, చేయని తప్పుని ఒక మంచివాడు ఒప్పుకున్న మాట అలాగే నిలిచిపోతుంది. ఏది చేసినా ఒకరిని ముంచాలి. మొదటి రోజే లేదు అనుంటే ఎవరూ మునిగేవారు కాదు. ఈ ముడి విప్పడం నాకు చేత కాదు. చేతనవుతుందని మీకు మాటివ్వను. క్షమించమని కూడా మిమ్మల్ని అడగను, అది మీ దగ్గర లేదు.

కిలియన్ ఆ మాట అనేదాకా నిజం అతని దగ్గరైనా ఉండేది. అతను ఆ విధవరాలి కోసం దాన్ని వదిలేసుకున్నాడు. ఇక అది నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. నేను పోతే అది కూడా పోతుంది. అందుకని ఇక్కడ, మీ ముందు, ఒక్కసారైనా సరిగ్గా రాస్తున్నాను. కిలియన్ ఎవరి జెర్సీనీ పట్టుకోలేదు. డెనిస్ అమ్ముడుపోలేదు, ఆయన కళ్ళు పోలేదు, ఆయన నన్ను నమ్మాడు. నేను చూడలేదు.